హాలీ సిక్కా చుట్టూ ఒక ఆదివారం

హైదరాబాద్ పాతబస్తీలో మహబూబ్ చౌక్ గడియార స్తంభానికి దగ్గర్లో, ఒక పాత ఇంటి మేడ మీద నాణేలు సేకరించేవాళ్లు కలుసుకుంటారని మిత్రుడు చెబితే వెళ్లాను. కింద కోళ్ల అరుపులు, పాత సామాన్ల బేరాలు. పైన పరుపు మీద తెల్ల దుప్పటి, దాని చుట్టూ మనుషులు. బ్యాంకులో రిటైరైన పెద్దాయన, గాజుల దుకాణం నడిపే భాయ్, ఇంజనీరింగ్ చదివే కుర్రాడు, ఒక ఉర్దూ మాస్టారు. ఎవరి ఒళ్లో చూసినా ప్లాస్టిక్ అరల ఆల్బమే.

మాస్టారు నా చేతిలో ఒక వెండి రూపాయి పెట్టారు. "అంచులు పట్టుకోండి సాబ్, బొమ్మ మీద వేలు పడొద్దు" అన్నారు. పదకొండు గ్రాముల పైచిలుకు బరువు. నడుమ చార్మినార్. భూతద్దం ఆనించి చూస్తే ఆ కట్టడం గుమ్మంలో ఒకే ఒక్క అక్షరం కనిపించింది. అది 'ఐన్', ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరులో మొదటి అక్షరం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు రూపాయి మీద అదే గుమ్మంలో 'మీమ్' ఉంటుంది. ఏలిక మారినా చార్మినార్ మారలేదు, గుమ్మంలో అక్షరం మారింది! కింద ఉన్న అంకెలను కుర్రాడు చదివి వినిపించాడు: 1337. హిజ్రీ లెక్క. మన లెక్కలో 1918-19. ఈ అంకెలు చదవడం ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాడట. నాకూ అక్కడే నేర్పేశాడు.

చార్మినార్ రూపాయి కంటే చాలా పాతవి చేత్తో సుత్తె దెబ్బకు కొట్టినవి. అచ్చు ఒక పక్కకు జారి, సగం అక్షరాలు నాణెం బయటే ఉండిపోతాయి. నాకవే ఎక్కువ నచ్చాయి. 1857 తిరుగుబాటు దాకా నిజాం నాణెం మీద ఢిల్లీ మొఘల్ చక్రవర్తి పేరే ఉండేది. చివరి చక్రవర్తి బహదూర్ షా గద్దె పోయాక, 1858 నుంచి ఆ స్థానంలోకి ఆసఫ్ జా పేరు వచ్చింది, పక్కన 92 అనే అంకె చేరింది. ముహమ్మద్ అనే పేరులోని అక్షరాల విలువలు కూడితే వచ్చే సంఖ్య అది. ఒక సామ్రాజ్యం ముగిసిన సంగతి అరచేతిలో పట్టే వెండి బిళ్ల మీద ఇంత స్పష్టంగా కనిపిస్తుందని నేనెన్నడూ అనుకోలేదు.

నిజాం నాణేలు కొట్టిన టంకశాల ఇదే పాతబస్తీలో, మొగల్‌పురా దగ్గరి సుల్తాన్ షాహీలో 1803లో మొదలైంది. 1903లో సైఫాబాద్‌కు, 1997లో చర్లపల్లికి మారింది. సైఫాబాద్ భవనం 2022 నుంచి మ్యూజియం. జేబులోంచి ఒక రూపాయి తీసి చూశాను. సంవత్సరం కింద చిన్న నక్షత్రం, అంటే హైదరాబాద్‌లో కొట్టిందే.

బ్యాంకు పెద్దాయన దగ్గర నిజాం నోటు ఉంది. హైదరాబాద్ సంస్థానం 1918లో సొంత కాగితపు డబ్బు మొదలుపెట్టింది. ఆ నోటు మీద ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడం కూడా ఉన్నాయి. నిజాం సొంత రూపాయిని హాలీ సిక్కా అనేవారు, బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు, ఇదీ మారకం. హాలీ సిక్కా పూర్తిగా చెల్లకుండా పోయింది 1959లోనే.

తర్వాత మాట నకిలీల మీదికి మళ్లింది. రాముడు, సీత బొమ్మలతో '1818 ఈస్ట్ ఇండియా కంపెనీ' అని ఉండే బిళ్లలను లక్షలకు అమ్మజూపుతున్నారు. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ వేయలేదు. బియ్యాన్ని లాగే 'రైస్ పుల్లింగ్' నాణెం పేరు చెప్పి పొలాలు అమ్మించిన మోసాలు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జరిగాయి. గాజుల భాయ్ కోపంగా అన్నాడు: "నాణెం గుంజేది మనిషి ఆశను, బియ్యాన్ని కాదు."

అక్కడ నన్ను ఎక్కువగా కట్టిపడేసింది వెలల చర్చ కాదు. ప్రతి నాణెం వెనక ఒక చీటీ ఉంది: ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, ఎప్పుడు. కరీంనగర్ ప్రాంతంలో గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన నాణేల మీద శాసన పరిశోధకులు పరబ్రహ్మశాస్త్రి గారు శాతవాహన రాజు సిముకుడి పేరు చదివారు. శాతవాహనులు తొలినాళ్లలో ఎక్కడ ఏలారన్న చర్చలో తెలంగాణకు బలమైన ఆధారం దొరికింది అవి అక్కడ దొరికాయని తెలియడం వల్లే. అవే నాణేలు ఊరూపేరూ లేకుండా అంగట్లో కుప్పలో పడి ఉంటే ఆ మాట చెప్పగలిగేవి కావు.

మీ ఇంట్లో అమ్మమ్మ పెట్టెలో పాత అణాలో, హాలీ రూపాయో ఉంటే చింతపండుతో తోమకండి. చిలుముతోపాటు అక్షరాలూ పోతాయి. ఎవరి నుంచి వచ్చిందో ఒక చీటీ రాసి జత చేయండి. పొలంలోనో పునాదిలోనో నాణేల కుండ బయటపడితే కంసాలి దగ్గరికి తీసుకెళ్లకండి. 1878 నాటి నిధి చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువున్నది దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి.