ఆవకాయకి ధర కట్టడం

మా అత్తయ్య చేతి ఆవకాయ తిననివాళ్లు మా చుట్టాల్లో లేరు. ప్రతి వేసవిలోనూ తెనాలి నుంచి హైదరాబాదుకి, అక్కడినుంచి ఎవరో ఒకరి సూట్‌కేసులో అమెరికాకి సీసాలు వెళ్లేవి. డబ్బులిచ్చి తిన్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. అందుకే పోయినేడు నేను, "అత్తయ్యా, ఆన్‌లైన్‌లో పచ్చళ్ల కొట్టు పెడదామా?" అన్నప్పుడు ఆవిడ మొహం చూడాల్సింది.

"పచ్చళ్లు అమ్ముకునే గతి పట్టిందా మనకి?" అన్నారు. రెండు రోజులు నాతో మాటల్లేవు.

గతి పట్టి కాదు. కొడుకు హాస్టల్‌కి వెళ్లాడు, అమ్మాయి పొద్దున కాలేజీకి వెళ్తే సాయంత్రానికి గానీ రాదు. పోపుల డబ్బాలో దాచి దాచి పాతిక వేలు చేశాను. పోతే పోయాయి, నా డబ్బే కదా అనుకున్నాను.

తిండి వస్తువు అమ్మాలంటే ఫుడ్ సేఫ్టీ వాళ్ల దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. చిన్న వ్యాపారానికి ఫీజు తక్కువే. 14 అంకెల నంబరు ఇస్తారు, అది లేబుల్ మీద వెయ్యాలి. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ లేబుల్ మీద ఏమేం కలిపామో బరువు ఎక్కువున్నది ముందు, తక్కువది తరవాత వరసగా రాయాలి. అత్తయ్యకి సోలలు, గిద్దెలు, గుప్పెళ్లే తెలుసు. ఆవపిండి, కారం, ఉప్పు అన్నీ ఆవిడ చేతిలోంచి తీసుకుని కాటా మీద పెట్టాను. "నలభై ఏళ్ల తరవాత నాకు పరీక్షలు పెడుతున్నావా?" అని ఒకటే సణుగుడు.

ఇక ప్రచారం. మొదట వాట్సాప్ స్టేటస్ పెట్టాను. అరవై మంది చూశారు. బోలెడు గుండె బొమ్మలు వచ్చాయి, ఆర్డరు ఒక్కటీ రాలేదు. పైగా ఇద్దరు, "వదినా, మాకో సీసా పంపించు" అన్నారు, ధర ఊసెత్తకుండా.

అప్పుడు మా అమ్మాయి రీల్ తీస్తానంది. మొహం చూపించకూడదని అత్తయ్య షరతు. సరే, మూడోనాడు తిరగకలిపేటప్పుడు చేతులు మాత్రమే తీసింది. ఎర్రటి ముక్కలు, గాజుల చప్పుడు, అంతే. కింద అది ఏదో 'అథెంటిక్ హోమ్‌మేడ్' అని రాస్తే కొట్టేసి నేనే రాశాను: "కలిపిన గిన్నెలో అన్నం వేసి తలా ఒక ముద్ద తిన్నాం. మీ ముద్ద పంపమంటారా?" తెలుగు బీఏ చదివి ఏం చేస్తావని అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు లెండి. ఆ వారంలో ముక్కూమొహం తెలియనివాళ్లు 19 మంది ఆర్డరు పెట్టారు.

బెంగళూరు వెళ్లిన మొదటి పార్సిల్ నూనెలో మునిగి చేరింది. ఆవిడెవరో పాపం తిట్టలేదు, ఫోటో పంపారు. డబ్బులు వెనక్కిచ్చేశాను. అత్తయ్య ఆ ఫోటో చాలాసేపు చూసి, "మనింటి పచ్చడి ఇలా వెళ్లిందా ఒకరింటికి" అన్నారు. ఆ రాత్రే నాలుగు సీసాలు నింపించి, కొత్త కాగితం మీద తలకిందులుగా పడుకోబెట్టించారు. పొద్దున లేచేసరికి మూడింటి కింద మరకలు. మరక లేనిది మూత కింద రేకు సీలు వేసినది. అప్పటినుంచీ రేకు సీలు వేసి, దాని మీద కవరు చుట్టి, ఒక రాత్రి తలకిందులుగా పెట్టి చూశాకే పార్సిల్ కడుతున్నాం.

అరకిలో సీసా 200, కొరియర్ ఖర్చు మాదే అని పెట్టాను. అదెంత తెలివితక్కువ పనో నెల తిరిగాక తెలిసింది. కొరియర్ వాళ్లు అరకిలో చొప్పున లెక్కేస్తారు. అరకిలో పచ్చడికి సీసా, అట్టపెట్టె కలిసేసరికి కిలో కింద కడతారు. మా వారు ఒక ఆదివారం కూర్చుని కంప్యూటర్‌లో లెక్క వేశారు. కాయలు, నువ్వుల నూనె, కారం, సీసా, పెట్టె, కొరియర్ అన్నీ రాసి, "సీసాకి పద్దెనిమిది రూపాయలు నష్టం" అని తేల్చారు.

అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని వచ్చి ఆ గడులన్నీ చదివించుకున్నారు.

"మరి మా రెక్కల కష్టం ఏ గడిలో రాశావురా?"

మా వారు నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. పెళ్లై ఇరవై రెండేళ్లు. ఆ గడి ఒకటుండాలని నాకూ తట్టలేదు. అమ్మకూడదన్న మనిషికి తట్టింది!

సీసా 260 చేశాం, కొరియర్ వేరే. నలుగురైదుగురు మానేశారు, మిగతావాళ్లు అడుగుతూనే ఉన్నారు. కూలి గడిలో సీసాకి నలభై రాస్తున్నాం, ఆవిడకి సగం, నాకు సగం. అత్తయ్య తన వాటా పోస్టాఫీసు పుస్తకంలో వేయించుకుంటున్నారు.

మొన్న మా మరిది ఫోన్ చేసి, ఎప్పటిలాగే రెండు కిలోలు పంపించమన్నాడు. ఫోన్ అత్తయ్య చేతిలోనే ఉంది.

"మీ వదిన నంబరు ఉందిగా, ఆర్డరు పెట్టరా" అన్నారు.