పులికూనల పెంపకము



బంతియాటను గూర్చి ఒక గృహిణి వ్రాయుటయా యని మీలో కొందరు నవ్వుకొందురేమో. ఏడాది క్రిందట నేనును నవ్వియుండెడిదానను. ఆదిపర్వమున కురుకుమారులు ఆడుకొనుచుండగా వారి బంతి నూతిలో పడుటయు, ద్రోణుడు బాణములు సంధించి దానిని పైకి దీయుటయు, ఆ మూలముననే ఆయన వారికి గురువగుటయు మనమెల్లరము చదివినదే. అంతటి శిష్యశిక్షణకు ఒక బంతియే మూలమైనదను సంగతి మాత్రము మలేషియా దేశమునకు పోయి వచ్చిన పిదపగాని నాకు తోచలేదు.

మా మామగారి పినతండ్రిగారు విశాఖపట్టణపు ప్రాంతమునుండి ఓడనెక్కి మలయాకు కొబ్బరితోటల పనికి బోయినవారు. కూలీల వలసను ఇచ్చటి ప్రభుత్వము 1938లో నిలిపివేయుటకు కొంచెము ముందటి మాట యిది. ఆయన మరల ఈ గట్టునకు రాలేదు. ఆయన మనుమరాలు పేరాక్ రాష్ట్రమున బగాన్ దాతోలో కాపురమున్నది. నాకు ఆడుబిడ్డ వరుస. నాకంటె పెద్దది గావున వదినగారని పిలుతును. ఎన్నియో యేండ్లుగా ఆమె పిలుచుచుండగా, గడచిన సంక్రాంతి సెలవులలో మావారును నేనును బయలుదేరితిమి. మావారు ఉపాధ్యాయులు, సెలవులు తప్ప వారికి వేరు తీర్థయాత్రాకాలము లేదు.

కౌలాలంపూరులో విమానము దిగునప్పటికి వదినగారును, అన్నయ్యగారును, వారి పదునొకండేండ్ల కుమారుడును మాకై వేచియుండిరి. పిల్లవాడు "అత్తా" యని పిలిచి నా చేతిసంచి నందుకొనెను. వాని చొక్కాపై పులిబొమ్మ యుండెను. ఆ దేశపు జట్టును 'హరిమావు మలయా' యందురనియు, హరిమావు అనగా పులి యనియు కారెక్కకమునుపే నాకు పాఠము చెప్పెను.

మరునాడు నగరము చూడబోయితిమి. ఆకాశము నంటు 118 అంతస్తుల క్రొత్తసౌధము చెంత, తల్లి చెంగుచాటు బిడ్డవలె, ఒక పాత క్రీడారంగము కలదు. అదియే మెర్డేకా స్టేడియము. మెర్డేకా యనగా స్వాతంత్ర్యము. 1957 ఆగస్టు 31వ తేదీన తుంకు అబ్దుల్ రహమానుగారు అచ్చట నిలిచి చేయి పైకెత్తి 'మెర్డేకా' యని యేడుమారులు ఎలుగెత్తి పలికిరట. ఆ తుంకుగారే దేశమునకు తొలి ప్రధానమంత్రి. ఫుట్‌బాల్ సంఘమునకును అధ్యక్షులు. స్వాతంత్ర్యము వచ్చిన యేడే ఆయన అచ్చట మెర్డేకా పోటీలను నెలకొల్పిరి. ఆసియాఖండపు జట్లనేకములు ఆ పోటీలకు వచ్చెడివి. 1959లో మన భారతజట్టు అందు రెండవస్థానమును పొందెను. ఆ కాలమున మన జట్టును తీర్చిదిద్దినవారు హైదరాబాదు వాస్తవ్యులగు సయ్యద్ అబ్దుల్ రహీముగారు. 1962లో జకార్తాలో మనకు ఆసియాక్రీడల స్వర్ణపతకము దెచ్చినదియు ఆయన శిక్షణయే. ఆయన వృత్తిచే బడిపంతులని మావారు చెప్పునపుడు వారి కంఠమున కొంచెము గర్వము ధ్వనించినది. నేనును కాదనలేదు.

ఈ రంగముననే 1980లో మలేషియావారు దక్షిణకొరియాను 2-1తో నోడించి మాస్కో ఒలింపిక్ క్రీడలకు అర్హత గడించిరి. గెలుపుగోలు కొట్టినవాడు బోర్నియో ద్వీపపు సబా రాష్ట్రమునుండి వచ్చిన జేమ్స్ వాంగు. గోలు గాచువాడు ఆరుముగము; రక్షణపంక్తిలో సో చిన్ ఆనును, సంతోఖ్ సింగును. మలయుడు, చీనీయుడు, తమిళుడు, పంజాబీ ఒక్క చొక్కా తొడిగి యాడుటను ఆ దేశమువారు నేటికిని కథలుగా చెప్పుకొందురు. ఇంత చేసియు వారు మాస్కోకు పోలేదు. సోవియట్ సేనలు ఆఫ్ఘనిస్తానమున బ్రవేశించినందున అనేక దేశములు ఆ క్రీడలను బహిష్కరించెను. అందు మలేషియా యొకటి. వండిన యన్నము వడ్డింపకమునుపే విస్తరి తీసివేసినట్లాయెనని అన్నయ్యగారు చెప్పిరి. అంతకుముందు 1972 మ్యూనిక్ ఒలింపిక్సులో ఆడుటయు, 1974 టెహరాన్ ఆసియాక్రీడలలో కంచుపతకము గొనుటయు వారి జట్టునకు గల కీర్తులు. ప్రపంచకప్పు పోటీల తుదిఘట్టమునకు మాత్రము ఆ దేశము ఒక్కమారును చేరలేదు.

ఆ సాయంకాలము వాన వెలిసిన పిదప బుకిట్ జలీలు మహారంగమును చూచితిమి. 1998 కామన్వెల్తు క్రీడలకై కట్టినది. 80,000కు పైగా జనము పట్టును. 2010 డిసెంబరు 26న అచ్చటనే ఇండోనేసియాను 3-0తో గెలిచి, జకార్తాలో 1-2తో ఓడియు మొత్తముమీద ఆగ్నేయాసియా కప్పును వారు చేజిక్కించుకొనిరి. నాటి శిక్షకులు కె. రాజగోపాలుగారు. ఆ జట్టులోని కుఱ్ఱవాండ్రలో పలువురు 'హరిమావు ముడా' యను యువకదళమున పెరిగినవారు. ముడా యనగా లేతవయస్సు. మన మాటలో పులికూనలనవచ్చును. 2007లో నెలకొల్పిన యా దళమును 2015లో రద్దుచేసిరి.

ఇక బగాన్ దాతో సంగతి. పేరాకు నది సముద్రమున గలియు చోట, కొబ్బరిచెట్ల నడుమ గల యూరది. మన కోనసీమనుండి యెవరో ఒక తునుక కోసి తెచ్చి యచ్చట నాటినట్లుండును. రామమందిరము కలదు, వాకిట ముగ్గు కలదు, వృద్ధుల నోట ఉత్తరాంధ్రపు పలుకుబడి చెక్కుచెదరకయున్నది. పిల్లలు మాత్రము తమలో తాము మలాయి భాష నాడుకొందురు.

సాయంకాలము అయిదు గంటలకు వదినగారును నేనును మైదానపు టంచున చాప పరచుకొని కూర్చుండెడివారము. అచ్చటి శిక్షకుడు ఒక బడిపంతులే. ఎనిమిదేండ్ల పిల్లలకు చిన్నబంతి, చిన్నగోలు. ప్రక్కకు నలుగురు మాత్రమే. ఇంత తక్కువమంది యేల యని యడిగితిని. పెద్ద మైదానమున పదునొకండుగురు చొప్పున నాడించినచో గట్టివాడు బంతిని వెంటాడుచుండును, తక్కినవారు చూచుచుందురు; నలుగురైనచో ప్రతిబిడ్డకును బంతి మాటిమాటికి కాలికి తగులునని ఆయన సమాధానము. కుడికాలివాటపు పిల్లవానిని ఎడమకాలితో తన్నుమనును. ఈ వయస్సున గెలుపోటములు లెక్కింపననియు, ఎవరు తలయెత్తి తోడివానిని చూచి బంతి నందించిరో అదియే చూతుననియు చెప్పెను. మా వీధిబడిలో అక్షరములు దిద్దించిన పంతులుగారు నాకు జ్ఞప్తికి వచ్చిరి. ఆయనయు మొదటియేడు మా పలకపై మార్కులు వేయలేదు.

ఇట్టి పిల్లలనుండి జిల్లాకేంద్రములలో కొందరిని ఏరి, వారిలో మేలైనవారిని పహాంగు రాష్ట్రమందలి గంబాంగులోని మొక్తార్ దహారి విద్యాలయమునకు పంపుదురు. 2014 ప్రాంతమున ప్రభుత్వము జాతీయాభివృద్ధి ప్రణాళిక యని దీని నారంభించెను. పదుమూడవయేట చేరి పదునేడవయేటివరకు అచ్చటనే వసతి, చదువు, ఆట. మొక్తార్ దహారి 1970వ దశకమున ఆ దేశపు ఆరాధ్యవీరుడు. 1975లో సెలంగోరు జట్టు పక్షమున ఇంగ్లండునందలి ఆర్సెనలు జట్టుపై రెండుగోళ్లు కొట్టిన మేటి. నాడీవ్యాధిచే 1991లో ముప్పదియేడేండ్లకే స్వర్గస్థుడాయెను.

ఫలము లేకపోలేదు. 2018లోను, 2022లోను పందొమ్మిదేండ్లలోపువారి ఆగ్నేయాసియా కప్పు ఆ దేశమునకు వచ్చినది. గంబాంగున పెరిగిన లుక్మాన్ హకీము 2018లో పదునారేండ్లలోపువారి ఆసియాపోటీలలో అయిదు గోళ్లు కొట్టి, అత్యధికముగా కొట్టినవారిలో నొకడై, పదునెనిమిదవయేట బెల్జియమునకు పోయెను. కాని అచ్చట ప్రధానజట్టున నాడు నవకాశము వానికి స్వల్పముగనే చిక్కినది. మేటిపిల్లలకే యిట్లుండగా, ఏరినవారిలో మిగిలినవారి మాట యేమి?

ఇదియే వదినగారి చింత. పై యేడు ఎంపికపరీక్షకు వీనిని పంపుడని శిక్షకుడు చెప్పెను. అన్నయ్యగారు సరేయనిరి. వదినగారు మాత్రము సమ్మతిపత్రముపై సంతకము చేయలేదు. "పదమూడేళ్లవాణ్ణి నా చేతి ముద్ద మాన్పించి పంపేయాలా, మరదలా? మోకాలు విరిగితే ఏం చేస్తాడు? చదువూ రాక, ఆటా పోయి?" యని యామె యడిగెను. నేను పంతులుగారి భార్యను గదా! పెద్దదానివలె, పిల్లల భవిష్యత్తునకై తల్లులు గుండె దిటవు చేసికొనవలెనని చెప్పితిని. చెప్పుట సులభము.

ఆ రాత్రి యామె అటకమీది రేకుపెట్టె దించి, గుడ్డలో చుట్టిన కాగితము నొకటి చూపెను. వాళ్ల నాయనగారు తోటలో పుట్టినట్లు నిరూపించు జననపత్రము. స్వాతంత్ర్యము వచ్చినపుడు మలయాలో పుట్టినట్లు ఋజువులేని కూలివాండ్రు పౌరసత్వమునకై పడిన పాట్లు ఆమె చెప్పగా వింటిని. "ఈ కాయితం కోసం మా నాన్న ఎన్ని గుమ్మాలు ఎక్కేడో, ఎన్ని దిగేడో! మరి వాళ్లకి మాత్రం కాయితాలు అలా పుట్టుకొచ్చేయి" అని కన్నులు తుడుచుకొనెను.

వాళ్లెవరని యడుగగా, అన్నయ్యగారు సంగతి తెలిపిరి. తల్లిదండ్రులలో గాని, తాతయవ్వలలో గాని ఒకరు ఆ దేశమున పుట్టియున్నచో, విదేశమున పుట్టినవాడును ఆ దేశపు పౌరసత్వము పొంది జట్టున ఆడవచ్చునని ప్రపంచసంఘపు నియమము. అది ధర్మమే. ఆ నియమము ననుసరించియే యని చెప్పి, 2025లో ఏడుగురు విదేశజాతులను జట్టున జేర్చిరి. జూను 10న బుకిట్ జలీలులో వియత్నామును 4-0తో గెలిచిరి. ఊరంతయు బాణసంచా కాల్చినదట. సెప్టెంబరున ప్రపంచసంఘము ఆ యేడుగురి తాతయవ్వల జననపత్రములు దిద్దబడినవనియు, వారు పుట్టినది మలేషియాలో గాక అర్జెంటీనా, బ్రెజిలు, స్పెయిను, నెదర్లాండ్సు దేశములలో ననియు తేల్చి, ఆటగాండ్రను పండ్రెండుమాసములు నిషేధించి, దేశపు ఫుట్‌బాల్ సంఘమునకు 3,50,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా విధించెను. సంఘమువారు తమది కార్యాలయపు పొరపాటనిరి. నవంబరున వారి అప్పీలు త్రోసివేయబడెను. పిదప ఆ వివాదము స్విట్జర్లండులోని క్రీడాన్యాయస్థానమునకు పోయెను.

అస్త్రవిద్యాప్రదర్శన రంగమున కర్ణుని నీ తల్లిదండ్రులెవరని కృపాచార్యు లడిగిన ఘట్టము నాకు స్ఫురించినది. కర్ణుడు తలవంచెను గాని దొంగవంశావళి చూపలేదు. ఈ సంగతి విని పిల్లవాడు చొక్కాపై పులిబొమ్మను గోటితో గీరుచు, "ఆళ్లు నాకంటే బాగా ఆడతారు అత్తా. మేం ఎదిగేదాకా ఆగలేకపోయేరు" అనెను. ఆ మాటకు పెద్దలమెవ్వరమును బదులు పలుకలేదు.

నిదురపట్టక పడకపై నేను తలపోసినది వాని సంగతి కాదు. మా కుమారుని సంగతి. పండ్రెండేండ్ల మావానిని పెద్దపరీక్షల ర్యాంకులకని దూరపు వసతిపాఠశాలలో చేర్చి యప్పటికి ఏడుమాసము లయ్యెను. వదినగారు సంతకము పెట్టుటకు ముందు ఎన్నియో ప్రశ్న లడుగుచున్నది. నేను ఒక్కప్రశ్నయు నడుగక సంతకము పెట్టితిని. గంబాంగు పిల్లవాని కాలికి బంతి యెన్నిమారులు తగులునో లెక్కించువారున్నారు. మావాడు దినమున కెన్నిమారులు నవ్వునో నాకు తెలియదు.

బయలుదేరునాడు వదినగారితో, ముందు నీవే గంబాంగునకు పోయి వంటశాలయు, తరగతిగదియు, ఆటనుండి తొలగిన పిల్లలు పిదప ఏ బడిలో చేరుదురో ఆ సంగతియు కనుగొని, పిమ్మట సంతకము సంగతి చూడుమని చెప్పితిని. మునుపటి నా సలహాను మరచిపొమ్మంటిని. ఆమె నవ్వి కొబ్బరిలౌజు పొట్లము చేతబెట్టెను. పిల్లవాడు తన పులిచొక్కాలలో క్రొత్తదానిని మావానికై యిచ్చెను.

ఇంటికి వచ్చిన మొదటి ఆదివారమున వసతిపాఠశాలకు పోయితిమి. చొక్కా చూడగనే మావాని కన్నులు మెరసినవి. వెంటనే దానిని నాలుగు మడతలు పెట్టి పెట్టెలో నడుగున దాచి, "ఇక్కడ ఆడుకునే చోటు లేదమ్మా" యనెను.

మావారు వంటశాలయు, గదులును చూచి వచ్చి చాలసేపు మాటాడలేదు. వేసవి పరీక్షలు ముగిసిన తరువాత మావాడు ఇంటికి వచ్చి, వాళ్ల నాయనగారు పనిచేయు బడిలోనే చేరును. ఆ బడికి ప్రహరీగోడ లేదు గాని మైదానము కలదు. వదినగారు గంబాంగునకు పోయివచ్చినట్లును, తాను వ్రాసికొని పోయిన ప్రశ్నలలో రెంటికి ఇంకను సమాధానము రావలసియున్నట్లును మొన్న జాబు వ్రాసినది. సంతకము ఇంకను పెట్టలేదు. పిల్లవాడు మాత్రము దినదినము ఎడమకాలితో గోడకు బంతి కొట్టుచునే యున్నాడట.