అనంతగిరి ఘాటులో ఒక చుక్క నూనె

విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళడానికి రెండు దారులున్నాయి. ఒకటి 1960లలో ఇనుపరాయి దింపుకోవడం కోసం వేసిన కొత్తవలస-కిరండోలు రైలుమార్గం. సొరంగాలలో దూరుతూ తేలుతూ పోతుంది. రెండవది శృంగవరపుకోట మీదుగా పోయే ఘాటురోడ్డు, సుమారు 115 కిలోమీటర్లు. రైలులో వెళ్ళేవారు కిటికీపక్క చోటు కోసం దెబ్బలాడుకుంటారు. రోడ్డున వెళ్ళేవారికి ఆ బాధ లేదు గాని, ఎక్కిన బండితో పరిచయం తప్పదు. అది పాత జీపయితే పరిచయం కాస్తా బంధుత్వమవుతుంది.

జీపు పుట్టింది అమెరికా సైన్యం కోసం, రెండవ ప్రపంచయుద్ధం రోజుల్లో. యుద్ధం ముగిశాక, 1940ల చివరలో, మహీంద్రావారు బొంబాయిలో విల్లీసు జీపుల్ని బిగించడం మొదలుపెట్టారు. అక్కడినుంచి ఆ బండి మన ఏజెన్సీ కొండలకు ఎంత అలవాటయిందంటే, అది ఎక్కడో సముద్రాలకావల పుట్టిందని చెబితే ఇక్కడ నమ్మేవారుండరు. 2022లో ఈ కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లా అయినాయి. పేర్లు మారినా మలుపులు మారలేదు. పది మంది పట్టే బండిలో పద్ధెనిమిది మందిని కుక్కి, పైన అరటిగెలలు కట్టే విద్య కూడా మారలేదు.

మా డ్రైవరు అరవై దాటిన మనిషి, బండి ఆయనదే. బొడ్డవర దగ్గర టీ తాగి వచ్చేసరికి, జీపు కింద దుమ్ములో అణా కాసంత మరక కనబడింది. ఆయన వంగి, చూపుడువేలితో దాన్ని అద్ది, బొటనవేలితో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఇంజనాయిలు కాదు బాబూ, గేరునూనె" అన్నాడు. ఇంజను నూనె పల్చగా నల్లగా ఉంటుంది. గేరునూనె ఆముదంలా సాగుతుంది, గంధకం కంపు కొడుతుంది. గేర్‌బాక్సు అడుగున నూనె దింపుకోవడానికి ఒక డ్రైన్ నట్టు ఉంటుంది. అక్కడ చుక్క నిలిచి, బరువెక్కి, రాలుతున్నది.

చుక్కే కదా అనుకోవడానికి ఘాటు ఒప్పదు. ఎక్కేటప్పుడు ఇంజను లాగుతుంది. దిగేటప్పుడు బండిని పట్టి ఉంచేది గేరు. చిన్నగేరులో దింపకుండా బ్రేకు మీదనే కాలు పెట్టుకున్నవాడి బ్రేకులు నాలుగు మలుపులకే కాగిపోతాయి. మరి ఆ గేరు పళ్ళు నూనె లేక అరిగి పట్టేస్తే, కింది లోయ మీద ఆశ పెట్టుకోవలసిందే.

పక్కన ఆగిన లారీ క్లీనరు కుర్రాడొకడు తొంగిచూసి, "పానా ఎట్టి ఇంకో సుట్టు బిగించెయ్యి మావా, ఆగిపోద్ది" అని ఉచిత సలహా ఇచ్చాడు. డ్రైవరు నవ్వాడు. "బిగిత్తే ఆగును. పెట్టె పగిల్తే ఎవరు ఆపుతారు?" గేర్‌బాక్సు పోత ఇనుము. ఉక్కు నట్టును అందులో కసిగా తిప్పితే మరలన్నా చితుకుతాయి, పెట్టెకన్నా నెర్రె పడుతుంది. వెనకటి యజమాని హయాంలో ఎవరో అలా బలం చూపించినందువల్లనే, ఆ కన్నానికి లేతుషాపులో కొత్త మరలు కోయించి, రాగి వాషరుతో కూర్చునే నట్టు పెట్టవలసి వచ్చిందట.

చుక్క నెమ్మదిగానే పడుతున్నది గనుక పైకి పోదామన్నాడాయన. ముందు పక్కనున్న పోత నట్టు విప్పి, వేలు పెట్టి మట్టం చూశాడు. చాలినంత ఉంది. ఇందులో ఇంకో కిటుకుంది. నూనె దింపేముందే పోత నట్టు ఊడివస్తుందో లేదో చూసుకోవాలి. కిందినుంచి అంతా దింపేసుకున్నాక పైనట్టు తుప్పుపట్టి మొరాయిస్తే, బండి ఉన్నచోటనే కాపురం పెట్టాలి.

త్యాడ దాటింతర్వాత చెట్లు దగ్గరపడ్డాయి. సిల్వరోకు చెట్లు నిటారుగా, వాటిని పెనవేసుకుని మిరియపు తీగెలు, ఆ నీడన కాఫీ మొక్కలు. ఈ కాఫీకే 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎర్రపండ్లు కోసుకుంటున్న ఆడవాళ్ళు బండి చప్పుడుకు తలెత్తి చూసి, మళ్ళీ పనిలో పడ్డారు. నా చెవులు మాత్రం అందాల మీద లేవు, గేరుమోత మీద ఉన్నాయి.

అనంతగిరి దాటాక రోడ్డుకు కాస్త లోపలగా ఒక కమ్మరి కొలిమి ఉంది. డ్రైవరు అక్కడే ఆపడానికి మూడు కారణాలు చెప్పాడు. ఘాటులో దొరకని చదును నేల అక్కడ ఉంది. బండి వాలులో ఉంటే నూనె మట్టం అబద్ధం చెబుతుంది. ఎక్కి వచ్చిన వేడికి నూనె పల్చబడి, అడుగు మడ్డితో సహా దిగుతుంది. మూడవది కొలిమి.

చక్రాలకు రాళ్ళు పెట్టి, కింద బేసిను ఉంచి, నట్టు విప్పాడు. నూనె కాస్త అరచేతిలోకి తీసుకుని ఎండకు పట్టి చూశాడు. పసిమి రజను మిలమిల లాడింది. ఇత్తడి అరుగుదల అది, వయసుకు తగ్గదే. ఉక్కు పెళ్ళలు కనబడితే గేరు పళ్ళు రాలుతున్నాయన్న మాట. అవి లేవు. ఆయన మొహంలో రంగు అప్పుడు తిరిగింది.

వాషరు తీసి చూస్తే నల్లగా, పైన ఒక గాడి పడి ఉంది. రాగి ఎన్నిసార్లు నొక్కుడు తింటే అంత మొండికెక్కుతుంది. మెత్తగా ఉన్నన్నాళ్ళు నట్టుకూ పెట్టెకూ నడుమ సందులన్నీ తాను నింపుతుంది. మొండికెక్కాక నింపదు. ఆ సందులోనుంచే చుక్క.

కమ్మరి దాన్ని పట్టకారుతో కొలిమిలో పెట్టాడు. ఎర్రగా మెరవగానే, "నీళ్ళలో ముంచు" అన్నాడు డ్రైవరు. కమ్మరికి కోపం వచ్చింది. "నీళ్ళలో ఎడితే గట్టిపడిపోదా? నాకాడా నీ కబుర్లు?" కత్తులకూ గొడ్డళ్ళకూ పదును పెట్టే మనిషికి ఆ అనుమానం సహజమే. ఉక్కును ఎర్రగా కాల్చి ముంచితే గట్టిపడుతుంది. రాగిది వేరే జాతకం. కాలడంతోనే అది మెత్తబడుతుంది, ముంచినా మెత్తగానే ఉంటుంది. డ్రైవరు వాదించలేదు. "ముంచి చూడు" అన్నాడంతే. కమ్మరి ముంచి, చల్లారిన ఉంగరాన్ని రెండు వేళ్ళతో వంచి చూశాడు. వంగింది. మళ్ళీ సరిచేసి మళ్ళీ వంచాడు. తర్వాత ఆయన అడగకుండానే ఇంట్లోంచి చింతపండు తెప్పించాడు. కమ్మరి భార్య చెంబు తోమినట్టు తోమేసరికి, ఆ మసి వదిలి వాషరు కొత్త కాసులా మెరిసింది. నున్నని బండమీద నాలుగు సార్లు రుద్ది గాడి కూడా పోగొట్టారు.

మరలు గుడ్డతో తుడిచి, వేళ్ళతోనే చివరిదాకా తిప్పి, అప్పుడు పానా పెట్టాడు. మణికట్టు బలంతో ఒక్క తిప్పు, అంతే. క్లీనరు కుర్రాడు చూస్తే నవ్వి ఉండేవాడు. తర్వాత డబ్బాలోనుంచి తొంబై నంబరు నూనె, పోత కన్నం అంచున పొర్లే దాకా. గేర్‌బాక్సు వెనకనున్న ఫోర్‌వీలు పెట్టె నట్టు కూడా విప్పి చూశాడు, రెంటి మధ్యా నూనె అటూ ఇటూ పోతుందట. ఇరుసుకు వాడే ఘాటునూనె గేర్‌బాక్సులో పోస్తే ఇత్తడిని తినేస్తుందని, తనది వేరే డబ్బా అని మూతమీద గీతలు చూపించాడు.

కమ్మరి డబ్బులు పుచ్చుకోలేదు. బేసినులోని పాత నూనె అడిగి ఉంచుకున్నాడు, బండి ఇరుసుకు పనికొస్తుందని.

గాలికొండ దగ్గర ఆగినప్పుడు నేను లోయ చూశాను, ఆయన బండికింద చూశాడు. ఆ రాత్రి అరకులో జీపు కింద ఒక పాత పత్రిక కాగితం పరిచాడు. తెల్లవారి తీసి చూస్తే మంచుకు తడిసి మెత్తబడింది గాని, నూనెచుక్క లేదు. అందులో ఏదో సీరియలు నవల సగం ఉంది. తడి ఆరేదాకా ఆగి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.