నేను గాదు, నీవు

యువతీయువకులు కలసి పనిచేసిన నీతి చెడునని వాదించు పెద్దలు నేడును లేకపోలేదు. నా యనుభవ మొకటి వారికి సాక్ష్యముగా పనికివచ్చునేమో యని యింతకాలము వ్రాయ జంకితిని. కాని యా సాక్ష్యము వారి పక్షమున బలుకదు.

గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో జాతీయ సేవాపథకము 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో ప్రారంభమయ్యెను. 'నేను గాదు, నీవు' అనునది దాని ధ్యేయవాక్యము. 1989 వేసవిలో నేనును ఆ వాక్యము వ్రాసిన గుడ్డ క్రింద నిలిచి, గోదావరి తీరమందలి యొక పల్లెలో పది దినములు గడపితిని. మేము బడి వసారాలో పరుండువారము. విద్యార్థినులు ఒక గృహస్థు నింట నుండిరి. ఉదయమున పలుగు పారలతో మురుగుకాలువలు త్రవ్వుట, ఎండ ముదిరిన పిమ్మట చింతచెట్టు క్రింద భోజనము, రాత్రి లాంతరు వెలుగున కూలీలకు అక్షరములు దిద్దించుట. నేను త్రవ్విన మట్టిని గంపల కెత్తుటకు వచ్చిన యొకామెతో నాకు స్నేహమయ్యెను. ఒకనాటి రాత్రి నేనొక వృద్ధుని చేయి పట్టి వ్రాయించుచుండగా, "ఆయన చేయి వదలండి. లేకపోతే వ్రాసినది మీరవుతారు" అనెను. ఆ మాటతోనే నా మనసు పోయినది. ఏడవనాటికి మే మిరువురమును వలపు నొప్పుకొంటిమి.

అప్పటికి నా మేనమామగారు కూతు నిచ్చుటకు తాంబూలములు పుచ్చుకొని మూడు మాసములైనది. ఆ సంగతి నా స్నేహితురాలికి చెప్పలేదు. అడుగలేదు గదా యని నాకు నేనే న్యాయము చెప్పుకొంటిని. ఎనిమిదవనాడు మరదలి యొద్దనుండి కార్డు వచ్చినది. కార్డు గనుక చేతులు మారిన ప్రతివారును చదివిరి. నా స్నేహితురాలును చదివెను. నన్నొక్క మాట యనక, దానిని నా చేతి కిచ్చి, గంప దించి వెడలిపోయెను.

గుసగుసలు బయలుదేరినవి. శిబిరాధికారి ఆమెను పిలిచి, నిశ్చయమైన వరుని వెంట తిరిగితివని మందలించి, ఆ సాయంకాలమే యింటికి పంపివేసిరి. నన్ను పిలువలేదు. నేను పది గజముల దూరమున పార పట్టుకొని నిలిచి యంతయు వింటిని. "ఆమెకు తెలియదు, దాచినది నేను" అన్న చాలును. అనలేదు. గుడ్డమీద 'నేను గాదు, నీవు' అని వ్రాసియే యున్నది! తక్కిన రెండు దినములును పనిచేసి, యోగ్యతాపత్రము పుచ్చుకొని వచ్చితిని.

శిక్షాస్మృతిలోని 497వ సెక్షనును సుప్రీముకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టివేసినపుడు, నీతి యంతరించెనని మిత్రులు కొందరు వాపోయిరి. 1860 నాటి యా శాసనము కాపాడిన నీతి యేది? పరుని భార్యను కూడినవానిని అది శిక్షించును. ఆ భర్త సమ్మతించిన నేరమే లేదు. దారితప్పిన మగనిపై ఫిర్యాదు చేయ భార్యకు దానిలో చోటే లేదు. ఎవరి సొత్తునకు నష్టము కలిగెనని యది విచారించెను. అబద్ధమాడిన దెవరని విచారింపలేదు. మా శిబిరాధికారి విచారణయు నట్టిదే. ఆనాడు అందులకు నేను సంతోషించితిని కూడ.

ఆ మరదలే నా భార్య. ముప్పదియేండ్లు దాటినను ఆమెకు ఈ కథ చెప్పలేదు. మొన్న ఈ కాగితములు చదివి వినిపించితిని. చాలసేపు బియ్యములో రాళ్లేరుచుండెను. పిదప, "బావా, ఆ పిల్ల దగ్గర బస్సుకు డబ్బులున్నాయా?" అని యడిగెను.

నాకు తెలియదు.