డబ్బు కట్టి సైకిలు తొక్కాలా?

"పైసలు గట్టి చెమట తీసుకునుడు ఏంది సార్?" అని ఆ మధ్య ఒక పెద్దాయన నన్ను నిలదీశాడు.

ఆయనది శంషాబాద్ పక్కన ఒక పల్లె. డెబ్బై దాటాయి. విమానాశ్రయం రాకముందు, అంటే 2008కి ముందు, తెల్లవారుజామున సైకిలుకి కూరగాయల బుట్టలు కట్టుకుని హైదరాబాదు పోయి అమ్ముకొచ్చిన మనిషి. ఇప్పుడు ఆయన మనవడు ఆదివారం పూట ఆరు వందలు కట్టి, ఓ నలభై మందితో కలిసి అటువైపే సైకిలు తొక్కడానికి పోతున్నాడట. ముసలాయనకి అది మింగుడు పడటం లేదు.

ఇదే ప్రశ్న నెలకు ఇద్దరు ముగ్గురు అడుగుతూనే ఉంటారు. "డాక్టరుగారూ, షుగరుకి వ్యాయామం చెయ్యమన్నారు కదా. ఈ సైకిలు గ్రూపుల్లో డబ్బు కట్టి చేరమంటారా? దండగ అంటారా?" ఇదివరకు "మంచిదేనండీ, చేరండి" అని ఊరికే అనేసేవాణ్ణి. ఇప్పుడు అనటం లేదు. ఎందుకో చెబుతాను వినండి.

నేనూ కట్టాను

మా చిన్నతనంలోనూ సైకిలుకి డబ్బు కట్టేవాళ్ళం. గంటకు అర్ధరూపాయి అద్దె. ఆలస్యమైతే కొట్టువాడు తిట్టేవాడు. ఆ డబ్బు సైకిలుకి. మరి సైకిలు మనదే, కాళ్ళు మనవే, రోడ్డు అందరిదీ అయినప్పుడు డబ్బు దేనికి? సంగతేమిటో చూద్దామని కిందటేడు జనవరిలో నేనూ పేరిచ్చాను. మా బావమరిది కూడా వస్తానన్నాడు.

అతనికి నలభై తొమ్మిది. బ్యాంకు ఉద్యోగం. పొద్దస్తమానం కుర్చీ. సిగరెట్లు మానేసి రెండేళ్ళయింది. రక్తపుపోటు మాత్రలు గుర్తున్న రోజున వేసుకుంటాడు. సంస్థవాళ్ళ ఫారంలో మా పేర్లు, ఫోను నెంబర్లు, టీ షర్టు సైజులు రాయించుకున్నారు. వయసు అడగలేదు. జబ్బులు అడగలేదు. నాకు అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు.

ఆదివారం తెల్లవారుజామున శంషాబాద్‌లో బయలుదేరాం. ఔటర్ రింగు రోడ్డు పక్కనున్న సర్వీసు రోడ్డు పట్టుకుని, పెద్ద గోల్కొండ మీదుగా తుక్కుగూడ వైపు వెళ్ళి తిరిగి రావాలి. మొత్తం 40 కిలోమీటర్లు. చల్లటి గాలి, నెత్తిమీంచి తక్కువ ఎత్తులో దిగుతున్న విమానాలు, పక్కన నలభై చక్రాల చప్పుడు. నిజం చెప్పొద్దూ, ఇరవై ఏళ్ళు తగ్గినట్టనిపించింది. ఒంటరిగా మేడ మీద స్థిర సైకిలు తొక్కితే ఈ ఉత్సాహం రాదు.

కాని ఐదు కిలోమీటర్లు దాటేసరికి గుంపు చీలిపోయింది. గేర్ల సైకిళ్ళ కుర్రాళ్ళు ముందుకు దూసుకుపోయారు. నాయకుడు వాళ్ళతోనే ఉన్నాడు. మా బావమరిదికి పౌరుషం వచ్చింది. వాళ్ళ వెంట పడ్డాడు.

మళ్ళీ అతన్ని టీ బండి దగ్గర చూశాను. ఇడ్లీ ముట్టలేదు. ఆ చలిలో చొక్కా తడిసిపోయి ఉంది. అరచేత్తో రొమ్ము రాసుకుంటున్నాడు. దవడ కూడా లాగుతోందట.

"గ్యాసు బావా" అన్నాడు.

ఇక తొక్కొద్దన్నాను. అప్పుడతను అన్న మాట నేను మరిచిపోలేను. "ఇంకా సగమే కదా బావా. ఆరు వందలు కట్టాం. పతకం లేకుండా ఇంటికి పోతే అక్కయ్య నవ్వుతుంది."

సంస్థవారి బండి ముందు గుంపును ఫోటోలు తీస్తూ ఎక్కడో ఉంది. ఫోను ఎత్తలేదు. అందరికంటే వెనక రావలసిన మనిషిని వాళ్ళు పెట్టనే లేదు. నా సంచిలో ఉన్న ఆస్పిరిన్ మాత్ర నమిలించి, 108కి ఫోను చేశాను. గుండెకు రక్తం తీసుకుపోయే నాళాల్లో ఒకటి మూసుకుపోయిందని ఆస్పత్రిలో తేల్చి, ఆ ఉదయమే స్టెంటు వేశారు. బతికాడు. పతకం మాత్రం మరుసటి వారం కొరియరులో వచ్చింది. అతని భార్య దాన్ని బీరువా అడుగున పడేసింది.

తప్పు సంస్థవారిది ఒక్కరిదే అనను. ఊళ్ళో అందరి చేతికీ రక్తపుపోటు పట్టీ చుట్టే నేను, ఇంట్లో మనిషికి చుట్టి చూడలేదు.

డబ్బు చేసే మేలు, కీడు

ఇందులో మీరు గమనించవలసింది ఒకటుంది. కట్టిన రుసుము మనల్ని పక్కమీంచి లేపుతుంది. ఆదివారం ఐదింటికి లేవలేని మనిషి, డబ్బు పోతుందంటే లేస్తాడు. అది మేలు. కాని అదే డబ్బు, ఆగవలసిన చోట ఆగనివ్వదు. అది కీడు. పైసలు పోతాయన్న బాధలో రొమ్ము నొప్పి గ్యాసులాగా కనిపిస్తుంది.

వారంలో ఆరు రోజులు కుర్చీకి అంటుకుపోయి, ఏడో రోజు ఒక్కసారిగా ఒళ్ళు హూనం చేసుకోవడం గుండెకు మంచిది కాదు. అలవాటు లేనివాళ్ళకి హఠాత్తుగా వచ్చిపడే శ్రమే ప్రమాదం. పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు తొక్కితే 150 నిమిషాలు అవుతాయి. దానికి ఎవరికీ పైసా కట్టనక్కరలేదు. మీ వీధిలో పాల పాకెట్టు తేవడంతో మొదలుపెట్టవచ్చు.

మరి దేనికి కట్టాలి? ఇది నాకు మూడు నెలల తరువాత తెలిసింది. ఇంకొక చిన్న జట్టుతో వెళ్ళాను. రెండు వందలే తీసుకున్నారు. బయలుదేరే ముందు నాయకుడు అందర్నీ గుండ్రంగా నిలబెట్టి "బీపీ, షుగరు, గుండె జబ్బు ఎవరికైనా ఉన్నాయా?" అని అడిగాడు. గుంత వస్తే చేత్తో ఎలా చూపాలో, ఆగేముందు ఎలా కేక వెయ్యాలో నేర్పాడు. మన ముందు చక్రం ఎదుటివాడి వెనక చక్రం పక్కకు చేరకూడదన్నాడు. వాడు కొద్దిగా పక్కకు జరిగితే చక్రాలు తగిలి పడేది మనమే. పంక్చరు సామాను, మందుల పెట్టె ఉన్న మనిషి చివరిదాకా అందరికంటే వెనకే వచ్చాడు. ఆ రెండు వందలూ గురుదక్షిణ అనుకున్నాను. దండగ కాలేదు.

డబ్బు కట్టిన ప్రతిచోటా వెనక బండి వస్తుందని కూడా అనుకోకండి. మన ఊళ్ళో హైదరాబాద్ రాండొనీర్స్ వారు నడిపే దూర ప్రయాణాలున్నాయి. పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ నియమాల ప్రకారం 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 అయితే 20 గంటల్లో, 600 అయితే 40 గంటల్లో ముగించాలి. రుసుము ఉంటుంది. కాని దారిలో పంక్చరైతే అతుకు ఎవరికి వారే వేసుకోవాలి. ఆ పద్ధతే అంత. అది ఆరితేరినవాళ్ళకి తగినది. కొత్తవాళ్ళు అటు చూడవద్దు.

కట్టేముందు ఈ నాలుగూ అడగండి

ఒకటి: అందరికంటే వెనక వచ్చేదెవరు? అతని ఫోను నెంబరు ఎంత? ఈ ప్రశ్నకు జవాబు తడబడితే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

రెండు: వేగం ఎవరిని బట్టి? నిదానంగా తొక్కేవారికి వేరే జట్టు ఉందా?

మూడు: మధ్యలో ఆగిపోతే మనిషినీ సైకిలునూ వెనక్కి తెచ్చే బండి ఉందా? దగ్గరి ఆస్పత్రి ఏదో వాళ్ళకు తెలుసా?

నాలుగు: దారి ఏది? ఔటర్ రింగు రోడ్డు ప్రధాన మార్గం మీదికి సైకిళ్ళను రానివ్వరు. సర్వీసు రోడ్డే గతి. అక్కడ ఎదురుగా తప్పుదారిలో వచ్చే బండ్లుంటాయి. తెల్లవారుజామున విమానం అందుకోవాలని పరుగెత్తే టాక్సీలుంటాయి. ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం, తలకు హెల్మెట్ లేనివారిని బయలుదేరనిచ్చే సంస్థ మంచిది కాదు. వాహనాల భయం ఉన్నవారి కోసం నానక్‌రాంగూడ, నార్సింగి వైపు 23 కిలోమీటర్ల ప్రత్యేక సైకిలు దారి వేసి, పైన సౌర ఫలకాల కప్పు పరిచి, 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. నేర్చుకునేవారికి అటువంటి దారి నయం. అయితే ఎంతమేర తెరిచి ఉందో కనుక్కుని వెళ్ళండి.

ఇక మీ వంతు

నలభై దాటినవారు, బీపీ, షుగరు, పొగ తాగే అలవాటు ఉన్నవారు ముందుగా డాక్టరుకి చూపించుకోండి. కూర్చున్నప్పుడే రక్తపుపోటు 180/110 దాటుతుంటే, అది అదుపులోకి వచ్చేదాకా సైకిలు ముట్టవద్దు. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి దారిలో షుగరు పడిపోవచ్చు. బయలుదేరే ముందు పరీక్షించుకుని, 100కి తక్కువ ఉంటే ఏదైనా తిని కదలండి. జేబులో చక్కెర పొట్లం ఉండాలి. ఆ సంగతి పక్కవాడికి తెలిసి ఉండాలి.

తొక్కుతూ పక్కవాడితో మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైందన్నమాట. సీటు ఎత్తు సరిచూసుకోండి. పెడలు కిందికి వచ్చినప్పుడు దానిమీద మడమ ఆనిస్తే మోకాలు దాదాపు నిటారుగా ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్ళు నొప్పి పుడతాయి. దాహం వేసేదాకా ఆగకుండా గుక్కెడు గుక్కెడు నీళ్ళు తాగండి. ఎండాకాలంలో ఉప్పు వేసిన మజ్జిగ మరీ మంచిది. బీపీ ఉన్నవారు ఉప్పు మాత్రం తగ్గించుకోండి.

రొమ్ములో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లచెమట, ఎన్నడూ లేని ఆయాసం, కళ్ళు తిరగడం — వీటిలో ఏది వచ్చినా అక్కడే దిగండి. 108కి ఫోను చెయ్యండి. కట్టిన డబ్బు ఆ నిమిషంలో గుర్తుకు రాకూడదు.

కాబట్టి నా సలహా ఇది. నాలుగు ప్రశ్నలకూ సరైన జవాబు చెప్పిన జట్టుతో రెండు మూడు సార్లు డబ్బు కట్టి వెళ్ళండి. నలుగురిలో తొక్కే పద్ధతి నేర్చుకోండి. తరువాత మీ వీధిలోవాళ్ళనే నలుగురిని పోగుచేయండి. ఆదివారం ఆదివారం మేము ఏడుగురం అలాగే పోతున్నాం. గుండె డాక్టరు అనుమతి ఇచ్చాక మా బావమరిదీ వస్తున్నాడు. ఖర్చల్లా టీలకే.

ఈ సంగతంతా ఆ పెద్దాయనకి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "మేం గూడ ఆరుగురం గల్సే పోయేది సార్. చీకట్ల ఒక్కడు పోకపోయేది" అన్నాడు.

"మరి వెనకబడ్డవాణ్ణి ఎవరు చూసేవారు?" అని అడిగాను.

"ఎనుకబడేటోన్ని ఎనుక ఎందుకు పెడ్తం సార్? వాన్నే ముంగట పెడ్తుంటిమి. వాడు ఎంత తొక్కితే మేం గంతే."

ఆ మాటకి నేను ఫీజు పుచ్చుకోలేదు. మా జట్టులో ఇప్పుడు ముందు తొక్కేది మా బావమరిదే.