తరగతుల తనిఖీ

తనిఖీ యనగానే మా బడి పిల్లలకు ఇన్‌స్పెక్టరుగారును, వల్లెవేసిన పద్యములును జ్ఞప్తికి వచ్చును. మేమిచట వ్రాయబూనినది వేరొక తరగతిని గూర్చి. కంప్యూటరుకు ప్రోగ్రాము వ్రాయువారు వస్తువులకు మూసవంటి లక్షణపట్టికను ముందుగా కట్టుదురు. దానిని క్లాసు అందురు. ఏ క్లాసులో నేమున్నదో ప్రోగ్రాము నడచుచుండగనే విచారించి తెలిసికొనుటకు రిఫ్లెక్షన్ అని పేరు. జావా భాషకు ఈ సౌకర్యము 1997లో 1.1 కూర్పుతో వచ్చెను.

మేము పొరుగు రాష్ట్రమున తెలుగు పండిత శిక్షణము పొందినవారము; మా పూర్వ విద్యార్థిని యొకతె సెలవులలో వచ్చి చూపగా దీనిని తెలిసికొంటిమి. ఆమె తండ్రి చిన్నకుమారుని తెలుగు విభాగమునుండి మాన్పింప దలచియుండెను. “యంత్రమునకు తెలుగు తెలియునా, అయ్యవారూ?” అని మమ్ము నడిగెను. మేము బదులు వెదకుకొనుచుండగా ఆ బాలిక ‘విద్యార్థి’ అను క్లాసును వ్రాసెను. అందు పేరు, ఊరు, ఇంటిభాష అను మూడు క్షేత్రములు. ‘చదువు’ అను నొక క్రియ. పిదప వేరొక చిన్న ప్రోగ్రాముచే “నీలో నేమున్నవి?” అని ఆ క్లాసునే అడిగించెను. వత్తు పోకుండ, గుడి చెదరకుండ ఆ పేర్లన్నియు తెరపైకి వచ్చెను.

సమాసమునకు మేము పిల్లలచే విగ్రహవాక్యము చెప్పింతుము. ఇచట సమాసమే తన విగ్రహమును తాను చెప్పుకొనుచున్నది! రిఫ్లెక్షన్‌ను ప్రతిబింబమని తెనిగించుట మాకు సమ్మతము గాదు. అద్దము చూపి యూరకుండును. ఇది కనుగొన్న క్రియను పేరుపెట్టి పిలిచి నడిపింపనుగలదు. గోప్యమని గుర్తువేసిన క్షేత్రముల పేర్లను సైతము బయటపెట్టుట మాత్రము మాకు రుచింపలేదు.

అన్నియు నిలుచునని కాదు. ప్రక్కన వ్రాసికొనిన వ్యాఖ్యలు యంత్రమునకు తగిన రూపములోనికి మార్చునప్పుడే రాలిపోవును. క్రియకు అందించు విలువల పేర్లును సామాన్యముగా నిలువవు. వాని స్థానమున వట్టి అంకెగుర్తులు వచ్చును. 2014 నాటి 8వ కూర్పునుండి, ముందుగా కోరినచో, వానిని గూడ భద్రపరుపవచ్చును. కోరినవారి పేర్లే నిలుచును.

తండ్రి తెరను రెండుమారులు చదివెను. ఆయన చదువుకొన్నది తెలుగుననే. “కొలువిచ్చువారును తెలుగులో అడుగుదురా?” అనెను. అడుగరు, జావాలోని కీలకపదములే ఆంగ్లములు. ఆ మాట దాచక చెప్పితిమి. బాలుని చేర్చుటకు ఇంకను పదిదినముల గడువున్నది.