వేలెడు ఫ్యూజు... బండెడు భరోసా!

గద్వాలలో ఓ కుర్రాడు సొంత కారు అద్దెకు తిప్పుతుంటాడు. జమ్మిచేడు జమ్ములమ్మ జాతరొస్తే మాత్రం అందులో ఇంటిల్లిపాదీ ఎక్కాల్సిందే. ఈసారి డిక్కీలో పెద్ద స్పీకరు బాక్సు ఉండాలని పిల్లల పట్టు. బాక్సు, యాంప్లిఫైరు కొనేసరికి జేబు ఖాళీ. మిగిలింది వైరే కదా! చవకలో ఓ చుట్ట పట్టుకుని తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గరికెళ్లాడు.

ఆయన తీగను బ్లేడుతో గీశాడు. రాగి రంగు పోయి లోపల తెల్లగా మెరిసింది.

'ఇది అల్యూమినియం తమ్మీ! పైన రాగి పూతంతే.'

కరెంటు మోయడంలో అల్యూమినియం సత్తా రాగిలో 60 శాతమే. అంటే అంతకంటే లావు వైరు కావాలి.

'ఇంట్లో మిక్సీకి సన్న వైరే ఉంటది గదన్నా?'

కిటుకంతా అక్కడే ఉంది. ఇంట్లో కరెంటు 230 వోల్టులు. 750 వాట్ల మిక్సీ లాగేది మూడు ఆంపియర్ల పైచిలుకు. కారు బ్యాటరీ 12 వోల్టులే. అవే 750 వాట్లు కావాలంటే 60 ఆంపియర్లు దాటిపోతుంది! సన్న తీగ అంత మోయలేదు. వేడెక్కి పైతొడుగు కరిగిపోతుంది.

మరి ఎంత వైరు కావాలి? డబ్బా మీద అచ్చేసిన వాట్లను నమ్మకూడదు. యాంప్లిఫైరుకున్న ఫ్యూజులు చూడాలి. 30 ఆంపియర్లవి రెండుంటే మొత్తం 60. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా అయిదు మీటర్లనుకుంటే, నాలుగో గేజు అసలు రాగి వైరు సరిపోతుంది. బాడీకి బిగించే ఎర్తు వైరూ అంతే లావుండాలి. బిగించేచోట పెయింటు గీకేయాలి.

'దానికి ఫ్యూజులున్నయ్ గదా, మళ్లా బ్యాటరీ కాడెందుకు?'

అందరికీ వచ్చే అనుమానమే. ఆ ఫ్యూజులు కాపాడేది యాంప్లిఫైరును. వైరునెవరు కాపాడాలి? ఇంజిన్ దగ్గర్నుంచి ఇనుప గోడ దాటి, మ్యాటు కిందుగా వెళ్లే వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలిందా... కరెంటు యాంప్లిఫైరు దాకా వెళ్లదు. బ్యాటరీలో ఉన్నదంతా అక్కడే దూకేస్తుంది. క్షణాల్లో మంటలు! అందుకే బ్యాటరీకి అడుగున్నర లోపే ఓ ఫ్యూజు పెట్టాలి. వైరు మోయగలిగిన దానికంటే అది ఎక్కువ ఉండకూడదు. గోడకు చేసిన రంధ్రానికి రబ్బరు బుష్ తప్పనిసరి.

ఫ్యూజు పోతే రాగి తీగ చుట్టేసే అలవాటు మనకుంది. ఫ్యూజు పోయిందంటే బండి బతికిందని అర్థం. తీగ చుట్టామంటే కాపలావాణ్ని కట్టేసినట్టే!

వైరు వెళ్లేది వెనక సీటు పక్క నుంచే. అక్కడ కూర్చునేది పిల్లలే. కుర్రాడు కాసేపు ఆ సీటు వంక చూశాడు.

'ఇప్పుడొద్దులే అన్నా. పైసలు చూసుకుని మంచి వైరే తెస్త.'

జాతరకు పాత స్పీకర్ల పాటలతోనే వెళ్లారు. పిల్లలు కాస్త అలిగారంతే!